మన ధర్నా బజారులో, వాళ్ల పైరవీ చాటుగా
(కర్మన్‌ఘాట్ రైతు సభలో చేసిన ప్రసంగం)



మనం కూర్చున్న చోటికి దగ్గర్లోనే సరూర్‌నగర్ చెరువుంది. 2020 అక్టోబరు వానలకు దాని కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మం జిల్లాలో చేలల్లో ఇసుక మేటలు వేసింది. వాతావరణం మారిందని మనకెవరూ చెప్పనక్కర్లేదు. దాని మీద సర్కారు పెట్టే నిబంధనలు ఎవరి మాట విని మారుతున్నాయన్నదే మన ప్రశ్న.

గిట్టుబాటు ధర కావాలంటే మనం రోడ్డెక్కుతాం. సంతకాలు పెట్టి మెమోరాండం ఇస్తాం. ఏం అడిగామో ఊరందరికీ తెలుసు. కంపెనీలూ అడుగుతాయి. అడగడం తప్పు కాదు, అడిగింది దాచడం తప్పు.

బొగ్గు కరెంటు ప్లాంట్ల సంగతే చూడండి. పొగలో సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించాలని 2015 డిసెంబరులో కేంద్రం నిబంధన పెట్టి, రెండేళ్ల గడువిచ్చింది. ఆ గడువు మళ్లీ మళ్లీ పెరిగింది. 2025 జులైలో ఎక్కువ ప్లాంట్లకు ఏకంగా మినహాయింపే ఇచ్చారు. ఈ పదేళ్లలో ఏ కంపెనీ, ఏ సంఘం ద్వారా, ఏమని రాసిచ్చిందో రామగుండం రైతు ఒక్కచోట చూసుకునే వీలు లేదు.

2012లో వాల్‌మార్ట్ వ్యవహారం గుర్తుందా? మన మార్కెట్‌లోకి రావడంతో సహా పలు విషయాలపై చేసిన లాబీయింగ్ ఖర్చు, అమెరికా చట్టం ప్రకారం అక్కడ దాఖలు చేసిన కాగితాల్లో కనబడింది. మన పార్లమెంటులో దుమారం లేచింది. మన సంగతి మనకు తెలియడానికి పరాయి దేశపు చట్టం కావాల్సి వచ్చింది!

మన సెబీ నిబంధన ప్రకారం స్టాక్ మార్కెట్‌లోని వెయ్యి పెద్ద కంపెనీలు 2022-23 నుంచి ఏటా బాధ్యతల నివేదిక ఇవ్వాలి. అందులో ఏడో సూత్రం పైరవీ గురించే. ఏ వ్యాపార సంఘాల్లో ఉన్నారో చెప్పడం తప్పనిసరి. ఏ విధానం కోసం వాదించారో చెప్పడం మాత్రం వాళ్ల ఇష్టం. అసలు సంగతి అక్కడే జారిపోతోంది.

మేం అడిగేవి మూడు. ఒకటి, ఆ రెండోదీ తప్పనిసరి చేయాలి. రెండు, సంఘం చేసే వాదనకు సభ్య కంపెనీ కూడా జవాబు చెప్పాలి. మూడు, విధానాలు చేసేటప్పుడు సంబంధిత విషయాలన్నీ ప్రకటించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. కంపెనీల వినతులూ అందులో పెట్టాలి.

ప్రతి గ్రామ కమిటీ ఈ తీర్మానం చేసి సెబీకి, కేంద్ర పర్యావరణ శాఖకు పంపాలి. మన మెమోరాండం పక్కనే వాళ్ల వినతిపత్రం కూడా అందరికీ కనబడేలా పెట్టమని అడుగుదాం.