మైనస్ గుర్తు

మిత్రులారా, మన లెక్కల మాస్టారు గుర్తున్నారు కదా! అంకెలన్నీ సరిగ్గా వేసినా, మైనస్ గుర్తు మరిచిపోతే ఒక్క మార్కు కూడా వేసేవారు కాదు. "గుర్తే కదా సార్" అని గొణిగిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ మైనస్ నన్ను ఉద్యోగంలో పట్టుకుంది.

మన పోర్టు ఇన్నర్ హార్బర్ 1933లో మొదలైంది. అంతకుముందు అదంతా మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చిత్తడి నేల. ఆ ప్రాంతంలో తవ్వితే నల్లటి మెత్తని బంకమట్టి తగులుతుంది. దాని మీద బరువైన కట్టడం నిలవదు. అందుకే దాన్ని దాటించి గట్టి పొర దాకా కాంక్రీటు పైళ్లు దించుతాం. పైలు మీది బరువును అడుగునున్న రాయి కొంత, పక్కల మట్టి పట్టు కొంత మోస్తాయి.

నేను చేరిన కొత్తలో పైళ్ల లెక్క కంప్యూటర్ మీద చేశామంటే ఆఫీసులో అదో గౌరవం. (గౌరవం కంప్యూటర్‌కి, రాత్రంతా ప్రింటర్ దగ్గర జాగారం నాకు.) ప్రతి మట్టిపొరనూ ఒక స్ప్రింగులా లెక్కలోకి ఇస్తాం. బరువు పెడితే పైలు ఎంత దిగుతుందో, ఎంత వంగుతుందో అది చెబుతుంది. పోర్టు దగ్గర మెరక చేసిన స్థలంలో ఒక గోడౌను. ఒక్కో పైలుకి బంకమట్టి పట్టు కింద 30 టన్నులు కలిపాను. లెక్క చక్కగా వచ్చింది.

మా పెద్ద ఇంజనీరుగారు కాగితాలు తిరగేసి, "మెరక ఎప్పుడు చేశారయ్యా?" అన్నారు.

"ఈ ఏడేనండీ."

"ఆ బరువుకి కిందున్న బంకమట్టి ఇంకా కుంగుతూనే ఉంటుంది కదా. కుంగుతూ పైలుని పట్టుకుని వేలాడదూ?"

మోస్తుందనుకున్న 30 టన్నులు పైలు నెత్తినే పడ్డాయి. తేడా 30 కాదు, 60! కంప్యూటర్‌ది తప్పేం లేదు. నేను ప్లస్ ఇచ్చాను, అది కూడింది.

పైగా లోడ్ టెస్టు కూడా ఈ తప్పును పట్టుకోకపోవచ్చు. డిజైన్ బరువుకి 1.5 రెట్లు పెట్టి చూస్తాం. అప్పుడు కిందికి దిగేది పైలు, కాబట్టి మట్టి దాన్ని పట్టి ఆపుతుంది. బంకమట్టిలోని నీరు పిండుకుపోయి అది కుంగడానికి ఏళ్లు పడుతుంది. టెస్టు ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది.

చివరికి పైళ్లను రాతిలోకి మరికాస్త దించాం. ఖర్చు పెరిగింది, నాకు చీవాట్లూ పడ్డాయి. ఇప్పుడు మా కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లో రెండు నిమిషాల్లో రంగురంగుల బొమ్మలు తీసి తెస్తారు. బాగుంటాయి కూడా. నేను మాత్రం ముందు బోర్‌హోల్ రిపోర్టు అడుగుతాను, తర్వాత మెరక ఎప్పుడు చేశారని.