ఇంటిపని, ఒంటిబలం

(సంఘం వార్షిక సభలో మహిళా విభాగం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు మేము మాట్లాడదలచుకున్నది ఒక జబ్బును గురించి. దాని పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. పలకటం కష్టం కనుక అందరూ ఎం.ఎస్. అంటారు. మందుల సంగతి చెప్పటానికి మేము డాక్టర్లం కాము. మేము చెప్పబోయేది వంటింటి సంగతి, స్నానాలగది సంగతి, నీళ్ళ బిందె సంగతి. ఆస్పత్రికి ఎప్పుడో ఒకసారి వెళతాము. ఇంట్లో మాత్రం ఈ జబ్బుతో పొద్దుటినుంచి రాత్రిదాకా కాపురం చెయ్యాలి.

ముందు జబ్బేమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాము. కరెంటు తీగకు పైన రబ్బరు తొడుగు వున్నట్టే మన నరాలకు మైలిన్ అనే పొర ఒకటి వుంటుంది. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే దారితప్పి మెదడులో, వెన్నుపాములో, కంటినరంలో ఆ పొరను దెబ్బతీస్తుంది. అప్పుడు మెదడు చెప్పిన మాట కాలికి, చేతికి సరిగా అందదు. నడక తూలుతుంది, చేతులు మొద్దుబారతాయి, చూపు మసకబారుతుంది లేదా ఒకటి రెండుగా కనిపిస్తుంది. మూత్రం ఆపుకోవటం కష్టమవుతుంది. 1868లోనే ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో దీన్ని వివరంగా వర్ణించాడు. ఎక్కువమందికి 20 నుంచి 40 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. మగవారి కంటె ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే పిల్లలు చిన్నవాళ్ళై, ఇంటి బరువంతా నెత్తిమీద వున్న వయసులోనే వస్తుందన్నమాట. ఇది అంటువ్యాధి కాదు. ఆమె చేతి వంట తింటే రాదు, ఆమె పక్కన కూర్చుంటే రాదు. నజర్ తగిలిందనీ, ఎవరో ఏదో చేశారనీ నెలల తరబడి తిరిగేవాళ్ళున్నారు. దుఆ చెయ్యండి, చేయించండి, కాదనము. కాని నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళటం మాత్రం ఆలస్యం చెయ్యకండి. తొందరగా మందులు మొదలుపెడితే జబ్బు తిరగబెట్టటం తగ్గుతుందని ఇప్పుడు రుజువైంది.

ఇక అసలు మాటకు వస్తాము. ఈ జబ్బులో చాలామందిని బాధపెట్టేది నీరసం. మనం పనిచేసి అలసిపోయినట్టు కాదది. రాత్రంతా నిద్రపోయి లేచినా వుంటుంది. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది, జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది, ఈ నీరసానికి మాత్రం పైకి ఏ గుర్తూ లేదు. మనిషి బాగానే కనిపిస్తుంది. పైగా ఒక రోజు వున్నట్టు ఇంకో రోజు వుండదు. నిన్న సేమియా చేసి నలుగురికి పెట్టిన మనిషి ఈవేళ గ్లాసు ఎత్తలేకపోతుంది. అప్పుడు ఇంట్లో మాట పుడుతుంది. "నిన్న బాగానే చేసిందిగా, ఈవేళ ఏమొచ్చింది? బద్ధకం కాకపోతే!" ఈ ఒక్క మాట వల్ల కోడళ్ళు పుట్టింటికి చేరిన ఇళ్ళున్నాయి. పుట్టింటివారు జబ్బు దాచి పెళ్ళి చేశారని అపవాదు పడ్డ ఇళ్ళూ వున్నాయి. అందుకే ఈ మాట సభలో చెప్పాలనుకున్నాము. అది బద్ధకం కాదు, జబ్బులో భాగమే.

మేము ఎరిగిన ఒక ఇంట్లో అత్తగారు చేసిన పని చెబుతాము. కోడలికి ముప్పై ఏళ్ళు. డాక్టరు జబ్బు పేరు చెప్పిన తరువాత ఆ పెద్దావిడ పాత క్యాలెండరు కాగితం వెనక ఇంటిపనులన్నీ మనవడిచేత రాయించింది. నిలబడి చేసేవి కొన్ని, కూర్చుని చేసేవి కొన్ని, బరువు ఎత్తేవి కొన్ని. బియ్యం ఏరటం, కూరలు తరగటం, రొట్టెలు వత్తటం, పాల లెక్క, పిల్లల చదువు, ఇవన్నీ కూర్చునేవి. అవి కోడలివి. నీళ్ళు, సిలిండరు, పెద్ద దేగిసాలు మగవాళ్ళవి. నిలబడేవి అందరూ పంచుకున్నారు. రోజూ ఫజర్ నమాజు తరువాత ఆ అత్తగారు ఒక ప్రశ్న అడుగుతుంది. "బేటీ, ఈవేళ ఎన్ని అణాలు?" పదహారణాల బలంలో ఈవేళ ఎంత వుందని. కోడలు ఒకరోజు "పన్నెండణాలు అమ్మీ" అంటుంది, ఇంకోరోజు "ఆరణాలే" అంటుంది. ఆ లెక్కనుబట్టి పని. ఆ ఇంట్లో జబ్బు పోలేదు. చెడ్డ రోజులు ఇప్పటికీ వస్తాయి. కాని ఆమె ఎందుకు చెయ్యలేదన్న తగాదా మాత్రం పోయింది.

ఆ అణాల లెక్కే మీ అందరికీ మా సలహా. వున్నదాంట్లో సగం పొద్దున్నే నీళ్ళు మొయ్యటానికి ఖర్చుపెడితే సాయంత్రం పిల్లలతో మాట్లాడటానికి మిగలదు. అలసిపోయాక పడుకోవటం కాదు, అలసట రాకముందే కూర్చోవాలి. పావుగంట పని, కాసేపు విశ్రాంతి, మళ్ళీ పని. అలాగని ఏ పనీ చెయ్యనివ్వకుండా మంచం మీద కూర్చోబెట్టటమూ మేలు కాదు. ఒకప్పుడు ఈ జబ్బువారిని వ్యాయామం చెయ్యవద్దనేవారు. ఇప్పుడు డాక్టర్లే తగినంత నడక, తేలిక వ్యాయామం చెయ్యమంటున్నారు. వంటింట్లోనుంచి ఆమెను పూర్తిగా తప్పిస్తే ఇంట్లో ఆమె మాటా తప్పిపోతుంది. అది ఇంకో జబ్బు.

రెండో సంగతి వేడి. మన ఎండలు మీకు చెప్పనక్కరలేదు. ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా ఈ జబ్బు లక్షణాలు ఎక్కువవుతాయి. 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మనీ కంటి వైద్యుడు దీన్ని గమనించాడు. వ్యాయామం చేశాక కొందరు రోగులకు చూపు మసకబారి, తరువాత మళ్ళీ మామూలుకు వచ్చేది. కనుక భయపడవద్దు, చల్లబడితే అది తగ్గుతుంది. కాని కొత్త లక్షణమేదైనా వచ్చి 24 గంటలు దాటినా పోకపోతే, లేదా జ్వరం వుంటే, డాక్టరుకు చూపించాలి. వేడిని తప్పించుకోవటానికి వంట పొద్దున్నే, చల్లని వేళ ముగించండి. కిటికీ తెరిచి, పొయ్యి మంట ఆరిపోకుండా పక్కకు తిప్పి ఫ్యాను పెట్టండి. కుక్కరు వాడితే పొయ్యి దగ్గర నిలబడే సేపు తగ్గుతుంది. కరెంటు ఇండక్షన్ స్టవ్ గ్యాసు కంటె వంటింటిని తక్కువ వేడెక్కిస్తుంది. మెడ మీద తడి తువాలు, పక్కన చల్లని నీళ్ళు వుండాలి. బయటికి వెళ్ళేటప్పుడు మందపాటి నల్ల బుర్ఖా బదులు లేతరంగు నూలుబట్టతో కుట్టించినది వాడితే పరదా తగ్గదు, వేడి తగ్గుతుంది. స్నానానికి మరీ వేడినీళ్ళు వద్దు, గోరువెచ్చనివి చాలు.

ఇప్పుడు వంటింట్లోకి వెళదాము. గట్టు దగ్గర ఆనుకోటానికి వీపున్న ఎత్తు స్టూలు ఒకటి వెయ్యండి. రోజూ వాడే వుప్పు, కారం, పసుపు, నూనె ఒక పళ్ళెంలో సర్ది చెయ్యి చాపితే అందేట్టు పెట్టండి. బరువు సామాను అటకమీద వద్దు, నేలమీదా వద్దు, నడుముకూ భుజానికీ మధ్య వుండాలి. అన్నం గంజి వార్చటం మానండి. బలంలేని చేతులతో మరిగే గిన్నె వంచటం ప్రమాదం. అత్తెసరు పెడితే సరిపోతుంది. బిర్యానీకి బియ్యం వుడికించినప్పుడు దేగిసా ఎత్తి వంచకుండా చిల్లుల గరిటెతో తీసుకోండి. గిన్నెను ఎత్తకండి, గట్టుమీద జరపండి. ఖాళీ గిన్నె పొయ్యిమీద పెట్టి చెంబుతో నీళ్ళు పోసుకోండి. అల్లం వెల్లుల్లి ముద్ద వారానికి సరిపడా ఓపిక వున్న రోజున మిక్సీలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

కత్తిపీట ముందు కింద కూర్చుని లేవటం వీరికి కష్టం. బల్లమీద చెక్కపలక పెట్టి కత్తితో తరగటం నయం. వడ్రంగి చేత ఆ పలక అడుగునుంచి రెండు తుప్పుపట్టని మేకులు పైకి వచ్చేట్టు కొట్టించండి. ఉల్లిగడ్డ, బంగాళదుంప వాటికి గుచ్చితే జారిపోదు, ఒక చేత్తోనే తరగవచ్చు. పని కాగానే మేకుల మీద ఏదైనా బోర్లించండి, పిల్లలున్న ఇల్లు కదా. చెయ్యి వణికేవారు ముంజేతిని బల్లకు ఆనించి పనిచెయ్యాలి. గిన్నె కింద తడిగుడ్డ వేస్తే కదలదు.

చేతులు మొద్దుబారినవారికి వేడి తెలియదు. కాలిన తరువాత బొబ్బ చూసి తెలుసుకుంటారు. అందుకని స్టీలు గ్లాసులో టీ వద్దు, పిడి వున్న కప్పులో సగమే పొయ్యండి. గిన్నె దించటానికి పట్టకారుకంటె రెండు చేతులకూ మందపాటి గుడ్డ నయం. స్నానపు నీళ్ళ వేడి ఇంట్లో ఇంకొకరు చూడాలి.

నీళ్ళ సంగతి. ఇరవై లీటర్ల బకెట్టంటే ఇరవై కిలోల బరువు. కుళాయికి రబ్బరు గొట్టం తగిలిస్తే బకెట్టు వున్నచోటే నిండుతుంది, మొయ్యనక్కరలేదు. స్నానాలగదిలో ఒక గట్టి కుర్చీ, కింద జారని రబ్బరు పట్టా, గోడకు పట్టుకోటానికి ఇనుప కడ్డీ పెట్టించండి. తువాలు వేసే కడ్డీ మనిషి బరువు ఆపదు, గోడలోకి బాగా దిగేట్టు బిగించాలి. నేల దొడ్డి బదులు కుర్చీలాంటి కమోడ్ వుంటే మంచిది. రాత్రి మంచం దగ్గరినుంచి అక్కడిదాకా చిన్న దీపం వెలగాలి. గడప అంచుకు, మెట్టు అంచుకు రంగు వేస్తే మసక చూపుకు తెలుస్తుంది. హవాయి చెప్పులు కాలినుంచి జారిపోయి పడేస్తాయి, వెనక పట్టీ వున్నవి కొనండి. చాలామంది ఆడవాళ్ళు మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగటమే మానేస్తారు. అది తప్పు. మూత్రంలో ఇన్‌ఫెక్షను వస్తే జబ్బు లక్షణాలన్నీ ఎక్కువవుతాయి. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పుకోవాలి, మందులున్నాయి.

నమాజు, రోజా సంగతి మమ్మల్ని చాలామంది అడిగారు. మన దీన్‌లో రోగికి ఇబ్బంది పెట్టలేదు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చెయ్యవచ్చునని అందరికీ తెలిసిన మసలాయే. వజూ కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. ఇంకొకరు లోటాతో నీళ్ళు పోస్తే సవాబు వారికీ వుంటుంది. రోగికి రోజా విషయంలో సడలింపు ఖుర్ఆన్ సూరా బఖరాలోనే వుంది. మీ డాక్టరు మాట, మీ ఆలిం సాహెబు మాట రెండూ విని నడుచుకోండి. మాత్రల వేళలు మాత్రం మీ అంతట మీరు మార్చకండి.

ఇక అన్నదమ్ములకు ఒక మాట. దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఇంట్లో వున్నప్పుడు ఇంటివారి పనిలో సాయపడేవారని హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్‌హా చెప్పిన సంగతి హదీసుల్లో వుంది. మరి మన ఇళ్ళలో మగవాడు చీపురు పడితే నవ్వేది ఎవరు? నవ్వే నోళ్ళను ముయ్యటం మన పని. సిలిండరు గ్యాసుతో కలిపి ముప్పై కిలోల దాకా వుంటుంది. దాన్ని జబ్బుమనిషి జరపవలసిన అవసరం ఏ ఇంట్లోనూ రాకూడదు. దస్తర్‌ఖాన్ నేలమీద పరిచి ఆమెకు మాత్రం వేరే గదిలో పళ్ళెం ఇవ్వటం కొన్ని ఇళ్ళలో చూశాము. ప్రేమతోనే చేస్తారు, కాని ఆమె ఒంటరిదవుతుంది. ఆమె కిందికి దిగలేకపోతే ఇంటిల్లిపాదీ బల్ల దగ్గరికి రావచ్చు కదా!

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ జబ్బు పేరు లేదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు విడిగా వుంది. ప్రభుత్వ మెడికల్ బోర్డు వైకల్యం 40 శాతమో అంతకు మించో వుందని ధ్రువపత్రం ఇస్తే చట్టంలోని చాలా సౌకర్యాలకు అర్హత వస్తుంది. దానికి యు.డి.ఐ.డి. కార్డు తీసుకోవాలి. కాగితాల పని తెలియనివారు మా దగ్గరికి రండి, వెంట వస్తాము. 1985లో ఏర్పడిన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా కూడా ఈ రోగులకూ కుటుంబాలకూ సాయం చేస్తోంది.

చివరగా సంఘానికి మా మనవులు మూడు. సంఘం తరఫున కొన్ని స్నానపు కుర్చీలు, చేతికర్రలు, ఒక చక్రాల కుర్చీ కొని, కావలసిన ఇళ్ళకు అరువు ఇవ్వాలి. గోడకు కడ్డీ బిగించటం లాంటి చిన్న పనులకు మన యువజన విభాగం కుర్రవాళ్ళు ఒక ఆదివారం ఇవ్వాలి. మన షాదీలలో, వలీమాలలో, ఈద్ మిలాప్‌లో ఆడవాళ్ళ వైపు ఫ్యాను కింద, గుమ్మానికి దగ్గరగా నాలుగు కుర్చీలు విడిగా వెయ్యాలి. రాలేదేమని అడిగేముందు వచ్చి కూర్చోటానికి చోటుందా అని చూసుకుందాము.

జబ్బుతో వున్నవారికి అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక, వారితో కాపురం చేసే మనకు సబర్ ప్రసాదించుగాక. ఆమీన్.