ఒక్క పోస్టు ఖాళీ అయితే ఎవరి చదువు ఆగుతుంది?

(మంగళగిరిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో టీచరు లేకపోవడాన్ని మనం విద్యాశాఖ సమస్యగానే చూస్తూ వచ్చాం. అది స్త్రీల హక్కుల సమస్య కూడా. పాఠం చెప్పేవాళ్లు లేని బడి మానేసే వాళ్లలో ఆడపిల్ల ముందుంటుంది. ఇక్కడ మగ్గాల ఇళ్లలో కండెలు చుట్టడానికీ, చుట్టుపక్కల పల్లెల్లో మిరపకాయల కోతకీ, పత్తి తీతకీ ఆ పిల్ల చేతులు దొరుకుతాయి.

చట్టం లేక కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలోనూ ఇద్దరు టీచర్లుండాలి. 26వ సెక్షన్ ప్రకారం ఏ ప్రభుత్వ బడిలోనూ మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించి ఖాళీలుండకూడదు. జిల్లా సగటు చూపించి తప్పించుకోవడానికి లేదు, లెక్క బడి వారీగా చూడాలి. రెండు పోస్టుల బడిలో ఒకటి ఖాళీ అయితే అది 50 శాతం! అయినా 2024-25 కేంద్ర విద్యాశాఖ లెక్కల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలు దేశంలోకెల్లా ఎక్కువున్నది మన రాష్ట్రంలోనే: 12,912.

ఈ సెక్షన్‌లో ఒక లొసుగుంది. హేతుబద్ధీకరణ పేరుతో పోస్టునే ఎత్తేస్తే ఖాళీ కాగితం మీద మాయమైపోతుంది. కాబట్టి ‘ఖాళీలెన్ని?’ అని మాత్రమే కాదు, ‘పోస్టులెన్ని ఉండేవి, ఎన్ని తీసేశారు?’ అని కూడా అడగాలి.

ఇక నియామకాల సంగతి. 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వెలువడింది 2025లో. ఆ ఏడేళ్లలో బీఈడీ చేసి ఎదురుచూసిన అమ్మాయికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు. టీచరు పోస్టులు జిల్లా స్థాయివి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల కింద స్థానికత ప్రధానంగా చదివిన చోటును బట్టి వస్తుంది, పెళ్లితో రాదు. ఒంగోలులో చదివి మంగళగిరి కోడలైన స్త్రీ ఇక్కడ స్థానికేతరురాలు. పుట్టింటి జిల్లాలో ఉద్యోగమొస్తే కాపురం ఒకచోట, కొలువు మరోచోట. ప్రాంతీయ న్యాయం కోసం వచ్చిన ఆ నిబంధనను తీసేయమని మనం అనడం లేదు. దాని భారం ఎవరిమీద పడుతోందో గుర్తించి, అంతర్ జిల్లా బదిలీల్లో లెక్కలోకి తీసుకోమంటున్నాం.

ఒకే టీచరున్న బడిలో ఆమె ప్రసూతి సెలవు పెడితే ఊరు ఆమెనే నిందిస్తుంది. తప్పు సెలవుది కాదు, ఆమె స్థానంలో మనిషిని పంపని వ్యవస్థది.

అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో సగం మంది స్త్రీలుండాలి. ఆ తల్లులతో కూర్చుని, సమాచార హక్కు దరఖాస్తు రాయించండి. ఖాళీ లెక్క మొదట ఊరికి తెలియాలి.