‘అరేంజ్ చేస్తాం’ అనే మాట



ఈ అమీర్‌పేటలో ఇంగ్లిష్ నేర్పని వీధి దొరకడం కష్టం. మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా స్పోకెన్ ఇంగ్లిష్, సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే. అందుకే జమాఖర్చులు చదివే ముందు ఒక ఇంగ్లిష్ క్రియ గురించి మాట్లాడదామనుకున్నాం. అది ‘అరేంజ్’. మా ఫోన్లో తరచుగా వినపడే మాట అదే.

ఇది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. మూలంలో ఉన్నది ‘వరుస’. మొదట్లో యుద్ధానికి సైనికులను బారులు తీర్చడానికి వాడారు. పుస్తకాలు సర్దడం, ముందుగా మాట్లాడి పని కుదర్చడం తర్వాత వచ్చిన అర్థాలు. చివరికి పెళ్లిళ్లకూ అంటుకుంది.

మన ఇళ్లలో దీనికి ఉన్న మాట ఇంతెజామ్. నూన్, జోయ్, మీమ్ అనే మూడక్షరాల అరబీ ధాతువు అది. ముత్యాలను దారానికి గుచ్చడం అన్న భావం అందులో ఉంది. పద్యానికి నజ్మ్ అనే పేరూ, మన నగరాన్ని ఏలినవారికి నిజాం అనే పేరూ అక్కడివే. 1724లో దక్కనులో నిలదొక్కుకున్న మొదటి అసఫ్‌జా బిరుదు నిజాముల్‌ముల్క్, అంటే రాజ్యాన్ని చక్కబెట్టేవాడు. ఇక బందోబస్తు పార్సీ మాట, కట్టడం, బిగించడం అని. పాపం, తెలుగులో అది పోలీసుల పాలైంది.

అసలు చిక్కు వ్యాకరణంలో ఉంది. ‘ఐ అరేంజ్డ్ ది చైర్స్’ అంటే కుర్చీలు నేనే సర్దాను. మధ్యలో ‘ఫర్’ చేరిస్తే, కుర్చీలు వచ్చేలా చూశాను. మోసేవారు వేరే ఉన్నారు. తెలుగులో రెండింటికీ ‘అరేంజ్ చేశాను’ అనే అంటాం. ఎవరు చేస్తారో, ఎప్పటికి చేస్తారో ఆ మాటలో ఉండదు.

ఇక్కడి కోచింగ్ సెంటర్లలో మొదటి రోజుల డెమో క్లాసులు సాధారణంగా ఉచితం. ఆ తర్వాత ఫీజు కడితేనే బ్యాచ్‌లో చోటు. ఊరి నుంచి వచ్చి హాస్టల్లో దిగిన పిల్లకు ప్రతి రోజూ ఖర్చే. ‘అరేంజ్ చేస్తాం’ అని దాత అన్నది ఆ పిల్ల చెవిలో ‘కట్టేసినట్టే’ అని పడుతుంది. దాత మనసులో ఉన్నది ‘నలుగురినీ అడిగి చూస్తాను’ అని. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఈలోగా బ్యాచ్ మొదలైపోతుంది. ‘లేదు’ అని చెప్పి ఉంటే ఆ పిల్ల ఇంకో తలుపు తట్టేది కదా!

తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్ చెందవలసిన ఎనిమిది వర్గాలలో, దాన్ని వసూలు చేసే పనిలో ఉన్నవారిని కూడా అల్లాహ్ చేర్చాడు. ఇంతెజామ్‌కు మనిషి కావాలి, ఆ మనిషికి తిండీ కావాలి. ‘ఆఫీసు ఖర్చుకు రూపాయి కూడా వద్దు’ అనే సోదరులు దీన్ని ఒకసారి ఆలోచించాలి.

మీ కుర్చీలపై పెట్టిన చీటీలో ‘అరేంజ్’ అనే మాట లేదు. మీరే ఇస్తారా, ఇంకొకరిని అడుగుతారా, ఏ తేదీకి అన్నవే ఉన్నాయి. ఈ నెల ఇవ్వలేనివారు అలాగే రాయండి. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గరి పెట్టెలో వేస్తే, రేపే పిల్లలకు ఫోన్ చేస్తాం.