ఆరోగ్య పరిశోధనలు – మన చిరునామాలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ పాఠాలు చెప్పుకొనే మాకు ఆరోగ్య పరిశోధనలతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. పని ఉన్నది. ఏళ్ల తరబడి సాగే పరిశోధనకు పేరు, చిరునామాలే ఆధారం. అవి సరిగా రాయించే తంటా బడి తెరిచినప్పుడల్లా మేము పడుతున్నదే గదా!

1987 నుండి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థవారు హైదరాబాదు దగ్గరి 29 గ్రామాలలో ఒక పరిశీలన జరిపారు. 15 గ్రామాలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. 14 గ్రామాలకు అప్పటికి అందలేదు. ఆ కాలాన పుట్టిన పిల్లలను 2003-05లో వెతికి పట్టుకొని, 13 నుండి 18 ఏళ్ల వయసువారిని 1165 మందిని పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. గుండెజబ్బు, మధుమేహం ముప్పును తెలిపే కొన్ని గుర్తులు కూడా వారిలో మెరుగ్గా కనబడ్డాయి. ఆ పిల్లల ఆచూకీ దొరకకపోతే ఈ సంగతి ఎవరికి తెలిసేది?

బ్రిటనులో 1946 మార్చిలో ఒకే వారంలో పుట్టినవారిలో 5362 మందిని ఎంచుకొని, వారు ముసలివారయ్యేదాకా పరిశీలిస్తూ వచ్చారు. సంబంధం తెగకుండా ఏటేటా పుట్టినరోజు కార్డు పంపేవారు.

తప్పిపోయేవారు ఎవరు? అత్తవారింటికి పోయిన ఆడపిల్ల, గల్ఫుకు పోయిన కుర్రవాడు, అద్దె ఇల్లు మారిన కూలీ. వీళ్లు జారిపోతే, ఇల్లు కదలనివారి ఆరోగ్యమే అందరి ఆరోగ్యమని లెక్క తేలుతుంది. ఆ లెక్కను బట్టి పథకాలు వేస్తే మనవాళ్ల కష్టం అందులోకి రాదు.

మన ఇళ్లలో ఇంకొక చిక్కు. రేషను కార్డులో మహమ్మద్, బడిలో మొహమ్మద్, ఆస్పత్రి చీటీలో ఎం.డి. తల్లి పేరు చివర ఒకచోట బీ, మరొకచోట బేగం. ఒకే గల్లీలో అదే పేరువారు నలుగురు. ఎవరు ఎవరో వెతికేవారికి ఎట్లా తెలుస్తుంది?

కాబట్టి మా మనవి ఇది. పరిశోధనవారు వస్తే తలుపు వేసుకోకండి, వెంటనే సంతకమూ పెట్టకండి. ఏ సంస్థ, ఎందుకోసం, మన వివరాలు ఎవరు చూస్తారు అని అడగండి. వద్దనడం, మధ్యలో మానుకోవడం కూడా మీ హక్కే. ఒప్పుకొంటే మాత్రం పేరు అన్నిచోట్లా ఒకే తీరుగా రాయించండి. తల్లిదండ్రుల పేర్లు చెప్పండి. ఊరు మారని ఇద్దరు బంధువుల ఫోను నంబర్లు, వారిని అడిగి, ఇవ్వండి. ఇల్లు మారితే ఒక కబురు పంపండి.

మమ్మల్ని లెక్కలోకి తీసుకోలేదేమని అడిగే హక్కు మనకున్నది. మన జాడ తెలిసేటట్లు ఉంచుకోవడం మన వంతు.