బేర్‌ఫుట్ షూస్‌తో సైకిల్ తొక్కొచ్చా?

పల్చటి బేర్‌ఫుట్ షూస్‌తో సైకిల్ తొక్కొచ్చా అని చాలామంది అడిగారు. తొక్కొచ్చు, కానీ నాలాగా మాత్రం కాదు! నానక్‌రామ్‌గూడ దగ్గర సోలార్ కప్పున్న 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది కదా, అక్కడికి ఇవే వేసుకుని వెళ్లా. సగం దూరం కూడా పోకముందే కుడికాలి వేళ్లు మొద్దుబారిపోయాయి. దిగి నిలబడితే ఆ కాలు నాది కాదేమో అనిపించింది, నిజంగా భయమేసింది.

తప్పు షూది కాదు, నా పెడల్‌ది. సన్నగా, ఇనుప పళ్లతో ఉండేది. సైక్లింగ్ షూకి అడుగు గట్టిగా ఉంటుంది, బరువు పాదమంతా పంచుకుంటుంది. పల్చటి అడుగైతే అంతా ఒకేచోట గుచ్చుకుంటుంది. అందుకే వెడల్పాటి ప్లాస్టిక్ పెడల్స్ వేయించా. ఇప్పుడు మునివేళ్లతో కాకుండా పాదం మధ్యభాగం ఆన్చి తొక్కుతున్నా, పిక్కలకి కూడా హాయిగా ఉంది. వానొస్తే మాత్రం ఈ ప్లాస్టిక్ జారుతుంది. ఆ రోజు పాత బూట్లే!