సిపాయి నిద్ర



దీపావళి రాత్రి. వీధిలో పిల్లలు టపాకాయలు కాలుస్తున్నారు. పెద్దలు అరుగుల మీద కూర్చున్నారు. మిలట్రీ నుంచి రిటైరై వచ్చిన ఒకాయన మాత్రం తలుపేసుకుని మూల కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట. "తుపాకీ పట్టినోడికి టపాకాయంటే భయమా?" అని బయట నవ్వులు. ఇలాంటి ఇల్లు తెనాలిలో ఉండొచ్చు, బాపట్లలో ఉండొచ్చు, రేపల్లెలో ఉండొచ్చు.

ఆయన పిరికివాడు కాదు. ఆయనకు గాలి సోకలేదు. అది ఒక జబ్బు.

మన వైపు వాళ్లకి ఇది అర్థంకాని సంగతేమీ కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల వైపు ఊళ్లూ దెబ్బతిన్నాయి. వేలమంది చనిపోయారు. అంతటి ఆపద చూసిన మనిషికి ఏళ్ల తరవాత కూడా గాలి హోరు వింటే గుండె దడదడలాడవచ్చు. కాల్పులు, తోటివాడి చావు చూసిన సిపాయి సంగతీ అంతే. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని 'షెల్ షాక్' అన్నారు. 1980లో అమెరికా మానసిక వైద్యులు పి.టి.ఎస్.డి. అని పేరు పెట్టారు.

మరి దీన్ని ఎలా కనిపెడతారు? రక్తం తీస్తే తెలీదు. ఎక్స్‌రేలో కనపడదు. అడిగి తెలుసుకోవాల్సిందే. ఏదైనా ఘోరం చూశారా అని మొదట అడుగుతారు. చూశానంటే మరో ఐదు ప్రశ్నలు. గడిచిన నెలలో అది పీడకలగా వచ్చిందా, వద్దన్నా గుర్తుకొచ్చిందా? ఆ తలపు నుంచి, ఆ చోటు నుంచి తప్పించుకుంటున్నారా? ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉంటున్నారా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారా? మనుషుల మీద, పనుల మీద మనసు మొద్దుబారిందా? జరిగినదానికి తననో ఇంకొకరినో తప్పుపట్టడం మానలేకపోతున్నారా?

మూడు నాలుగింటికి అవునంటే జబ్బు ఖాయమని కాదు. ఇంకా వివరంగా చూడాలని. అప్పుడు 20 ప్రశ్నల కాగితం ఒకటి ఉంటుంది. తరవాత మానసిక వైద్యుడు తీరిగ్గా మాట్లాడతాడు. బాధ నెల దాటిందా, తలకు దెబ్బ తగిలిందా, తాగుడు ఉందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడుగుతాడు. ఈ ఆఖరి మాట అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరి భయం. పుట్టదు. అడగాలి.

కష్టమల్లా సిపాయి నిజం చెప్పడంలో ఉంది. సైన్యంలో ఆరోగ్యాన్ని 'షేప్' అనే లెక్కతో చూస్తారు. అందులో మొదటి అక్షరం మనసుకే. గ్రేడు తగ్గితే ప్రమోషన్ పోతుందేమోనని ఉద్యోగంలో నోరు విప్పడు. ఇంటికొచ్చాకా అదే అలవాటు. "బాగానే ఉన్నా" అంటాడు. అందుకే భార్య మాట డాక్టరుకి చాలా అవసరం. రాత్రి కేకలు విన్నది ఆమే. క్యాంటీన్ సీసా ఎన్ని రోజులకు ఖాళీ అవుతోందో తెలిసింది ఆమెకే. ఊరు తాగుబోతు అనేస్తుంది. నిద్రపట్టక తాగుతున్నాడేమో అని ఎవరూ అడగరు.

రేపల్లెలో రైలెక్కితే తెనాలి, అక్కణ్ణుంచి గుంటూరు. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇ.సి.హెచ్.ఎస్. కార్డున్న మాజీ సైనికులు తమ పాలీక్లినిక్‌లో చూపించుకోవచ్చు. కదల్లేకపోతే 14416కి ఫోను చేయొచ్చు. అది 2022లో మొదలైన టెలీ మానస్. డబ్బు తీసుకోరు. అర్ధరాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మాటలతో చేసే వైద్యం ఉంది, మందులూ ఉన్నాయి. చాలామంది కోలుకుంటారు.

వెళ్లేముందు ఒక పని చేయండమ్మా. ఇప్పుడు రాయడం వచ్చింది కదా. వారం రోజులు కాగితం మీద రాయండి. ఎన్ని గంటలకు నిద్రపట్టింది, ఎన్నిసార్లు లేచాడు, ఏ చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు. అక్షరాలు వంకరపోయినా ఫరవాలేదు. ఆ కాగితం డాక్టరు చేతిలో పెట్టండి.